సవరణ: వాహనాలకు అదనపు లైట్ల బిగింపు గురించి
కావలి, ఒంగోలు మధ్య 16వ నంబరు జాతీయ రహదారిపై రాత్రి ప్రయాణాల గురించిన మునుపటి వ్యాసంలో, ఊళ్లలో ఆర్పి ఉంచితే అదనపు లైట్లు ఎలాంటివైనా బిగించుకోవచ్చన్న వాక్యాన్ని తొలగించి చదువుకోవాలని మనవి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 111వది, అసాధారణ పరిస్థితుల్లో నిజమైన అవసరానికి రిజిస్టరింగ్ అధికారి అనుమతిస్తే తప్ప, స్పాట్ లైటునుగానీ సెర్చ్ లైటునుగానీ ఏ మోటారు వాహనానికీ బిగించరాదంటుంది. నిషేధం బిగింపుకే వర్తిస్తుంది కనుక స్విచ్చి ఆపి ఉంచామన్న సమాధానం చెల్లదు. కంపెనీ నుంచే వచ్చిన ఫాగ్ లైట్ల సంగతి వేరు. అయితే ముందుకు వెలుగునిచ్చే ఏ దీపం కాంతి అయినా, 8 మీటర్ల దూరాన ఉన్నవారి కళ్లు చెదరకుండా శాశ్వతంగా కిందికే పడాలని 106వ నిబంధన కోరుతోంది. ఎదురుగా మోటారు సైకిలుపై వచ్చేవారి ప్రాణం దీనిపైనే ఆధారపడి ఉంటుంది కాబట్టి, బిగించే మెకానిక్కులు కూడా దీన్ని తప్పక పాటించాలి.