వైపర్ మోటారు మృతిపై పంచనామా

విజయనగరంలో ఎవరి పెరట్లోనైనా ఒక స్టీలు డబ్బా గ్యాసు పొయ్యి మీద అడ్డంగా పడుకుని గిరగిరా తిరుగుతుంటే, పేలాలు వేయిస్తున్నారని పొరబడకండి. అది కాఫీ రోస్టరు. శృంగవరపుకోట దాటి ఘాటెక్కితే అనంతగిరి, ఆపైన అరకు. అరకు అరాబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పొరుగింటి పుల్లకూర రుచెక్కువ కాబట్టి, గింజ పచ్చిగా తెచ్చుకుని సొంత పెరట్లోనే మాడ్చుకోవాలన్న ఆత్మగౌరవం కొందరిలో మేల్కొంది. ఆ ఆత్మగౌరవాన్ని తిప్పుతున్నది మాత్రం తుక్కు కొట్లో దొరికిన పాత కారు వైపర్ మోటారు.

ఆ మోటారు ఒకరోజు ఆగిపోతుంది. ఐదు నిమిషాల్లో తీర్పు వచ్చేస్తుంది: "పోనాది బావూ, కాలిపోనాది. కొత్తది ఏసీండి." శవపరీక్ష లేదు, సాక్షుల వాంగ్మూలం లేదు. ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు, కాలిందంటే చాలు, పాతది తుక్కులోకి, కొత్తది డ్రమ్ము పక్కకి. కొన్నాళ్లకి అదీ అదే చోట, అదే విధంగా పోతుంది. ఒకే ఇంట్లో వరసగా మూడు చావులు జరిగితే పోలీసులకి అనుమానం రాదా? మోటార్ల విషయంలో ఆ మాత్రం అనుమానం ఎవరికీ రాకపోవడం శోచనీయం. అందుచేత ఈ పంచనామా.

ముందు మృతుడి వివరాలు. 12 వోల్టుల డీసీ మోటారు. ఇనప గొట్టం, దాని లోపలి గోడలకి అంటించిన ఫెర్రైట్ అయస్కాంతాలు, నడుమ రాగి తీగ చుట్టిన ఆర్మేచరు, దాని కొసన మరచుట్లు. ఆ మరచుట్లు ఒక నైలాన్ పళ్లచక్రాన్ని తిప్పుతాయి. బయటికొచ్చే ఇరుసు నిమిషానికి సుమారు 45 చుట్లు, రెండో వేగంలో 65 దాకా తిరుగుతుంది. కేజీ గింజల డ్రమ్ముకి 50, 60 చుట్లు సరిపోతాయి కనక సంబంధం కుదిరిందన్నారు. కుదిర్చిన పెద్దలు జాతకంలో ఒక్క సంగతి చూడలేదు. ఈ పెళ్లికొడుకు పుట్టింది వాన కోసం. చినుకు పడితే కాసేపు పనిచేసి, చల్లగాలికి సేదతీరే ఉద్యోగం. ఇక్కడేమో పక్కన గ్యాసు మంట, ఎదురుగా 200 డిగ్రీల డ్రమ్ము. మే నెలలో మన ఎండ అదనపు కట్నం.

అసలు హంతకురాలు వేడి. డ్రమ్ము ఇరుసు మామూలు ఇనప కడ్డీ అయితే, వేడి దాని వెంట నడుచుకుంటూ తిన్నగా మోటారు గుమ్మంలోకి వస్తుంది. ఫెర్రైట్ అయస్కాంతం ఒక్కో డిగ్రీకి వెయ్యింట రెండు వంతుల బలం వదిలేస్తుంది. 30 డిగ్రీల దగ్గరున్నది 100కి చేరితే నూటికి 14 వంతులు గల్లంతు. చల్లారితే చాలావరకు తిరిగొస్తుందనుకోండి, కానీ గింజలు వేగేది చల్లారాక కాదు కదా. అయస్కాంతం నీరసిస్తే అదే బరువు తిప్పడానికి మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. ఎక్కువ లాగితే తీగ ఇంకా వేడెక్కుతుంది. తీగ వేడెక్కితే అయస్కాంతం ఇంకా నీరసిస్తుంది. అప్పు తీర్చడానికి అప్పు చేసే సంసారం ఇది. దీన్ని పోషిస్తున్నది సీసీ కెమెరాకి వాడే 5 ఆంపియర్ల అడాప్టరు. అది ఏదో ఒక రోజు చేతులెత్తేస్తుంది. నింద మాత్రం మోటారుకే.

కాబట్టి మోటారు విప్పే ముందు మల్టీమీటరు 10 ఆంపియర్ల దగ్గర పెట్టి, ఒక తీగ తెగ్గొట్టి, మధ్యలో కలిపి చూడండి. ఖాళీ డ్రమ్ముకి 2 ఆంపియర్ల చుట్టుపక్కల, గింజలతో 3, 4 ఉంటే సంసారం సజావుగా ఉన్నట్టే. 5 దాటిందంటే ఎక్కడో పట్టేస్తోంది. మోటారుని తప్పించి డ్రమ్ముని ఒంటివేలితో తిప్పండి. వేలికి బరువు తగిలితే దోషి డ్రమ్ము వైపే ఉన్నాడు. మోటారుని అన్యాయంగా పట్టుకొచ్చారు, వదిలెయ్యండి.

ఇక సాక్ష్యాల సంగతి. మోటారు ఆగే ముందు వారాల తరబడి మొరపెట్టుకుంటుంది. బుష్షులో, అంటే ఇరుసు తిరిగే కంచు తొడుగులో, నూనె ఆరిపోతే కీచుమంటుంది. ఆర్మేచరుకి కరెంటు అందించే కార్బన్లు అరిగితే ఒక చోట ఆగి, తట్టితే కదులుతుంది. 1919లోనే సంగీత కళాశాల పెట్టుకున్న ఊరు మనది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పారు. అలాంటి ఊళ్లో నెల్లాళ్లపాటు మోటారు అపశ్రుతి పలుకుతుంటే ఒక్క చెవికీ వినపడలేదంటే, తప్పు మోటారుదా? ఆ కీచు విన్న ఒకరిద్దరు చేసే వైద్యం మరీ ఘోరం. కొబ్బరినూనె పోస్తారు. అది వేడికి జిగురై కూర్చుని, గొంతు పట్టేసినవాడికి బంక తాగించినట్టవుతుంది.

ఒకవేళ వేయింపు మధ్యలో ఆగితే తాత్వికంగా ఆలోచిస్తూ నిలబడకూడదు. గింజలు 196 డిగ్రీలు దాటి టపటపమంటున్నాయంటే వాటిలోనే వేడి పుడుతోంది. ముందు గ్యాసు కట్టేయాలి. మోటారు లంకె తప్పించి, డ్రమ్ము ఇరుసు చివర నట్టుకి స్పానర్ తగిలించి చేత్తో తిప్పాలి, తర్వాత గింజలు జల్లెడలోకి కుమ్మరించాలి. ఊరుకుంటే డ్రమ్ము అడుగున ఉన్న గింజ ఒక పక్క బొగ్గవుతుంది, రాలిన పొట్టు అంటుకుంటుంది. ఆ నట్టు వేసుకోవడమే మరిచిపోయినవాళ్లు ఆరోజు దేవుణ్ణి తలుచుకోవచ్చు.

శవపరీక్షకి వద్దాం. గొట్టాన్ని సుత్తితో కొట్టి విప్పకండి. ఫెర్రైట్ పింగాణీ జాతి, దెబ్బకి పగులుతుంది. స్క్రూలు తీసి నెమ్మదిగా లాగితే ఆర్మేచరు బయటికొస్తుంది, నల్లటి కార్బన్ పొడి రాలుతుంది. లోపల మూడు కార్బన్లుంటాయి. రెండు పనిచేసేవి, మూడోది ఎక్కువ వేగానికి. ఎప్పుడూ తక్కువ వేగంలోనే తిప్పేవాడి ఇంట్లో ఆ మూడోది పనిలేకుండా జీతం తీసుకునే ఉద్యోగి. దాన్ని తీసి అరిగినదాని స్థానంలో పెడదామనిపిస్తుంది. చాలా మోటార్లలో అది సన్నం, నప్పదు.

కొత్తవి పది, పన్నెండు మిల్లీమీటర్ల పొడవుంటాయి. అయిదుకి తగ్గాయంటే స్ప్రింగు ఒత్తిడి చాలదు, నిప్పురవ్వలు మొదలవుతాయి. మార్చాలి. ఇక్కడే దేశవాళీ తెలివి బయటపడుతుంది. మిక్సీ కార్బన్లు ఇంట్లో ఉన్నాయి కదా అని అరగదీసి దూరుస్తారు. మిక్సీది 230 వోల్టులు, తక్కువ కరెంటు. దానికి నల్లటి గట్టి కార్బన్ సరిపోతుంది. 12 వోల్టులకి కరెంటు ఎక్కువ, అందుకే ఆ కార్బన్‌లో రాగి కలుపుతారు. విరిచి చూస్తే ఎర్రగా మెరుస్తుంది. నల్లదాన్ని పెడితే ఉన్న పన్నెండు వోల్టుల్లో కొంత దారిలోనే దిగమింగి, తాను వేడెక్కి, మోటారుని నత్తనడక నడిపిస్తుంది. పాత కార్బన్ ముక్క జేబులో వేసుకుని ఆటో ఎలక్ట్రికల్ కొట్టుకి వెళ్లండి. అతికించేటప్పుడు జడలాంటి రాగి తీగని మధ్యలో నోసు ప్లయర్‌తో నొక్కి పట్టుకోవాలి. లేకపోతే సీసం జడంతా పాకి తీగ పుల్లలా బిగుసుకుపోతుంది, కార్బన్ ముందుకి జరగదు. చాలాసార్లు కొత్త కార్బన్ పనిచేయకపోవడానికి కారణం ఇదే. కానీ నెపం దుకాణదారుకి పోతుంది.

కమ్యుటేటరు, అంటే ఆర్మేచరు మీద కార్బన్లు రాసుకునే రాగి పట్టీల వలయం, నల్లబడితే 600 నంబరు నీళ్ల పేపరు (సన్నటి గరుకు కాగితం) ముక్క చుట్టి తిప్పితే చాలు. పట్టీల మధ్య సందుల్లో ఇరుక్కున్న పొడిని, పైకి తేలిన మైకానీ అరగదీసిన హ్యాక్సా బ్లేడుతో గీకి, రాగి కంటే అర మిల్లీమీటరు కిందికి దించాలి. తర్వాత మల్టీమీటరుని తీగ కలిస్తే కూసే గుర్తు దగ్గర పెట్టి, ఒక కొస ఆర్మేచరు ఇరుసుకి, రెండోది ఒక్కో పట్టీకి. ఏదీ పలకకూడదు. పలికితే వైండింగ్ నిజంగానే కాలింది, అప్పుడు ఏడవడం సబబే.

బుష్షులు కంచు పొడిని ఒత్తి చేసినవి. సన్నటి రంధ్రాల్లో నూనె దాచుకుంటాయి. బొటనవేలి మీద బుష్షు నిలబెట్టి, లోపల నూనె నింపి, పైనుంచి రెండో బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. బయటి గోడకి ముత్యాల్లా చెమట పడుతుంది. ఈ చెమట పట్టినంతవరకు బుష్షు బతికున్నట్టే. పట్టకపోతే గోరువెచ్చటి ఇంజను ఆయిల్లో రాత్రంతా నానబెట్టాలి. లోపలి రంధ్రం వదులైందని ఆకురాయి పెట్టి రుద్దే మహానుభావులు రంధ్రాలు మూసేసి, నూనె దారి శాశ్వతంగా కట్టేస్తారు.

బిగించడం విప్పినంత సులువు కాదు. స్ప్రింగులు కార్బన్లని ముందుకి తోస్తుంటాయి. మూడింటినీ వెనక్కి లాగి దారంతో కట్టి, ఆర్మేచరు దూరాక దారం పీకేయాలి. గొట్టం దించేటప్పుడు అయస్కాంతాలు ఆర్మేచర్‌ని మళ్లీ బయటికి లాగేసుకుంటాయి, కార్బన్లు టిక్కున కిందికి జారతాయి, కథ మొదటికొస్తుంది. అందుకని గేరు పెట్టె వైపు నుంచి మరచుట్లని పట్టుకుని ఉండాలి. రెండు చేతులు చాలవు. ఇంట్లోవాళ్లని పిలవకా తప్పదు, వాళ్లు అనే మాట పడకా తప్పదు.

ఇంతా చేసి డ్రమ్ముని మళ్లీ మోటారు ఇరుసుకే వేలాడదీస్తే ఈ పంచనామా దండగ. మన పైడితల్లి పండగలో సిరిమాను అనే పొడవాటి మాను కొసన పూజారి కూర్చుంటే కింద బండి, పట్టుకోవడానికి తాళ్లు, తోడుగా ఊరంతా ఉంటుంది. మీ మూడు కేజీల డ్రమ్ము కొసన వేలాడుతుంటే మోయడానికి లోపల వేలెడంత బుష్షొక్కటే ఉంది. డ్రమ్ము బరువు దాని సొంత బేరింగుల మీద ఉండాలి. ఆ వేడికి బేరింగు గ్రీజు కరిగి కారిపోతుంది కాబట్టి డ్రమ్ము దగ్గర కంచు బుష్షు, గ్రాఫైట్ పొడి మేలు. మోటారుని అడుగు దూరం జరిపి సైకిల్ గొలుసుతో తిప్పాలి, రెండు వైపులా ఒకే సంఖ్యలో పళ్లున్న చక్రాలు. ఇరుసు స్టెయిన్‌లెస్ స్టీలుది వేస్తే మామూలు ఇనుములో మూడోవంతు వేడి కూడా దాటదు. మధ్యలో ఒక అల్యూమినియం రేకు, రేకుకీ మోటారుకీ అంగుళం సందు, వెనక కంప్యూటరు ఫ్యాను ఒకటి. వీటన్నిటికీ కలిపి అయ్యే ఖర్చు వచ్చే చావుకి కొనబోయే మోటారు కంటే ఎక్కువేనని లెక్కలు చెప్పేవాళ్లుంటారు. వాళ్లు తర్వాతి రెండు చావుల్ని లెక్కలో వేసుకోరు.

మొదటిసారి ఖాళీ డ్రమ్ముతోనే తిప్పి చూడండి. ఎర్ర తీగ, నల్ల తీగ తారుమారైతే ఈ జాతి మోటారు మారుమాట్లాడకుండా వెనక్కి తిరుగుతుంది. గింజల్ని లోపలికి తోయాల్సిన రెక్కలు మూత వైపుకి తోస్తాయి. ఆ సంగతి గింజలు పోశాక తెలిస్తే, కేజీ అరకు అరాబికా పెరడంతా పరుచుకుంటుంది. పక్కింటి కోళ్లు అప్పటికే గోడెక్కి చూస్తుంటాయి.