గాలిమరలు చాలు, ఈసారి హిండెలోపెన్ పోదాం

ప్రతి ఏప్రిల్‌లో క్యూకెన్‌హాఫ్ తులిప్ తోట, ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే జాన్స స్కాన్స్ గాలిమరలు, ఇంకో శనివారం ఖాళీ దొరికితే గీతూర్న్ పడవలు. ఏళ్ళ తరబడి నెదర్లాండ్స్‌లో మన తెలుగు సంఘం ట్రిప్పుల లిస్టు ఇంతే. మ్యూజియం మాటెత్తితే ఆమ్‌స్టర్‌డామ్‌లో రైక్స్‌మ్యూజియం, అక్కడ రెంబ్రాంట్ గీసిన 'నైట్ వాచ్' ముందు నిలబడితే ఆ బొమ్మ కన్నా ముందువరసలో వాళ్ళ తలకాయలూ, పైకెత్తిన ఫోన్లూ ఎక్కువ కనబడతాయి. ఈసారి ఉత్తరాన ఫ్రీస్‌లాండ్ ప్రాంతంలో హిండెలోపెన్ అనే ఊరికి వెళ్దాం అంటున్నాను. అక్కడేముంది అని అడిగేవాళ్ళ కోసమే ఇదంతా.

ఊళ్ళో వెయ్యి మంది జనం కూడా లేరు గానీ 1225 నుంచి దానికి నగర హోదా ఉంది, ఫ్రీస్‌లాండ్ పదకొండు నగరాల్లో ఇదొకటి. ఒకప్పుడు ఊరి ముందు ఉప్పు సముద్రమే ఉండేది, 1932లో పెద్ద కట్ట వేశాక అది మంచినీటి సరస్సయింది. మ్యూజియం 1683లో కట్టిన పాత టౌన్‌హాల్లో ఉంది, పెట్టింది 1919లో. చిన్నది, తీరిగ్గా చూసినా గంటన్నరలో అయిపోతుంది, అదే దాని సుఖం. ఒళ్ళంతా పూలూ తీగలూ రంగులేసిన బీరువాలు, గోడలోనే తలుపులు పెట్టి అమర్చిన మంచాలు, నీలం బొమ్మల టైల్స్. ఈ ఊరి గది ఒకటి 1878 పారిస్ వరల్డ్ ఎగ్జిబిషన్‌లో పెడితే జనం విరగబడి చూశారు. పిల్లలకి ఆ గోడ మంచాలు తెగ నచ్చుతాయి, అది నా పూచీ. కానీ నేను మిమ్మల్ని రమ్మనేది అక్కడి ఆడవాళ్ళ బట్టలు చూడ్డానికి.

వెంట్కె అని పొడుగాటి కోటు ఒకటి ఉంటుంది, మెడ నుంచి పాదాల దాకా పూలు, తీగలు. ఆ గుడ్డ మన తూర్పు తీరం చింట్జ్, అంటే రంగుల బొమ్మలు అద్దిన నూలు గుడ్డ. 17, 18 శతాబ్దాల్లో ఈ ఊరి కెప్టెన్లు నార్వేకీ బాల్టిక్ రేవులకీ ఓడలు తిప్పి కలప వ్యాపారంలో బాగా వెనకేశారు. వాళ్ళ దారి ఆసియా కాదు, అయినా డచ్చి ఈస్ట్ ఇండియా కంపెనీ ఆమ్‌స్టర్‌డామ్‌లో దింపిన గుడ్డలు కొని ఇంటికి తెచ్చేవాళ్ళు. (వేసవంతా మగవాళ్ళు ఓడల మీద, ఆడవాళ్ళు పిల్లల్ని పెట్టుకుని పెద్దింటి పక్కనున్న చిన్నింట్లో. ఆన్‌సైట్ కాపురాలు మనం కనిపెట్టినవేం కాదు.) రంగులకి పద్ధతి ఉండేది, సంతోషానికి ఎరుపు, ఇంట్లో ఎవరైనా పోతే నీలం. మన దగ్గర ఏ ముత్తయిదువో కట్టుకునే నీలం పూల గుడ్డ అక్కడ సంతాప వస్త్రం.

ఆ గుడ్డ ఎలా తయారయ్యేదో తెలిసి చూస్తే ఇంకోలా కనబడుతుంది. కరక్కాయ నీళ్ళూ పాలూ పట్టించిన గుడ్డ మీద, నల్ల గీత రావాల్సిన చోట తుప్పు నీళ్ళతో, ఎరుపు రావాల్సిన చోట పటికతో కలం పెట్టి గీసి, ఎర్ర రంగునిచ్చే చిరువేరులో ఉడకబెడితే గీసిన చోటే రంగు పట్టేది. తర్వాత నీలం అక్కర్లేని జాగా అంతా మైనం పూసి నీలి తొట్టిలో ముంచాలి. ఎన్నిసార్లు ఉతికినా ఆ రంగు పోదు, యూరప్‌లో చాలాకాలం ఈ పని ఎవరికీ చేతకాలేదు. అక్కడి నేతగాళ్ళు గోలపెట్టడంతో ఫ్రాన్స్ 1686లో చింట్జ్‌ని నిషేధించింది, కొన్నేళ్ళకి ఇంగ్లండ్ కూడా. డచ్చివాళ్ళు నిషేధించలేదు, అమ్ముకుని బతికేదే వాళ్ళాయె. ఈ దేశంలో ఆ గుడ్డలు ఇన్ని మిగలడానికి అదొక కారణం.

ఇక్కడే మనవాళ్ళకి ఒక జబ్బు ఉంది. అద్దాల వెనక గుడ్డ కనబడగానే 'ఇది మన బందరుదే' అని ఫొటో తీసి గ్రూపులో పెట్టేస్తాం. డచ్చివాళ్ళు 1605లో మచిలీపట్నం వచ్చిన మాట నిజం, పాలకొల్లు, భీమునిపట్నం, ఖమ్మం దగ్గరి నాగులవంచ దాకా వాళ్ళ వ్యాపారం పాకిన మాటా నిజం. కానీ పులికాట్, నాగపట్నం నుంచీ గుడ్డ వెళ్ళింది, అటు గుజరాత్ నుంచీ వెళ్ళింది, ఏ కోటు గుడ్డ ఏ ఊళ్ళో అద్దారో చూడగానే చెప్పడం పరిశోధకులకే కష్టం. మనం తొందరపడక్కర్లేదు. మనకి కచ్చితంగా దొరికే ముక్క ఒకటుంది, అది ఈ గర్వం కన్నా బాగుంటుంది: గోల్కొండ రాజ్యంలో కంపెనీ ఉద్యోగం చేసి వెళ్ళిన డేనియల్ హావార్ట్ 1693లో రాస్తూ, ఈ చిత్రకారులు నత్తల్లా పనిచేస్తారనీ, ఓర్పుకి బొమ్మ గీయాలనుకునేవాడికి పాలకొల్లు చిత్రకారుడు ఒక్కడు చాలనీ అన్నాడు. మెచ్చుకున్నాడో విసుక్కున్నాడో మీరే తేల్చుకోండి. ఆ పనివాళ్ళ పేరు ఒక్కటీ మనకి మిగల్లేదు, వాళ్ళ ఊరి పేరు మాత్రం మిగిలింది. అయినా చాలా మ్యూజియంల్లో లేబుల్ మీద 'ఇండియా' అనో, మహా అయితే 'కోరమాండల్ తీరం' (మన తూర్పు తీరమే) అనో ఉంటుంది.

ఇంకో సంగతి కూడా పిల్లలకి దాచకుండా చెప్పాలని నా అభిప్రాయం. గుడ్డల మూటలు ఎక్కించిన అదే కంపెనీ, 17వ శతాబ్దంలో కరువులు వచ్చినప్పుడు పులికాట్ నుంచి వేల మందిని బానిసలుగా బటావియాకి (ఇప్పటి జకార్తాకి) తరలించింది. 2023 జులై 1న ఇక్కడి రాజు విల్లెం అలెగ్జాండర్ బానిసత్వానికి క్షమాపణ చెప్పినప్పుడు మన గ్రూపుల్లో దాని ఊసే లేదు, ఎందుకంటే అది డచ్చివాళ్ళ పాత వలస సురినామ్ వాళ్ళ గొడవ అనుకున్నాం. అందమైన కోటు చూపించి ఈ మాట చెప్తే పిల్లల మూడ్ పాడవుతుందని ఒకరన్నారు. ఇక్కడి బళ్ళో వలసరాజ్యాల చరిత్ర చదువుకునే పిల్లలు వాళ్ళు, మనకన్నా బాగానే తట్టుకుంటారు.

ఇలాంటి చిన్న మ్యూజియంల్లో ఉండేది చాలావరకు రిటైరైన వాలంటీర్లు. అడిగితే వాళ్ళకి పండగే, ఒక్క గుడ్డ ముందు అరగంట నిలబెట్టి చెప్తారు. మనమూ ఊరికే వినడం కాకుండా పెడన కలంకారీ చీర ఒకటి పట్టుకెళ్దాం, అది అచ్చుల పని కాబట్టి కలం పనికీ దానికీ తేడా వాళ్ళకి చూపించొచ్చు. లేబుల్లో ఊరి పేరు లేకపోతే, ఏ ఆధారంతో ఏం తెలుసో మర్యాదగా అడుగుతూ సంఘం తరఫున ఒక ఉత్తరం రాద్దాం, డచ్చిలో రాయడానికి మన పిల్లలే ఉన్నారు.

లీవార్డెన్ నుంచి స్టావొరెన్ వెళ్ళే రైలెక్కితే హిండెలోపెన్ స్టేషన్‌లో దిగొచ్చు, అక్కణ్ణుంచి ఊళ్ళోకి నడక. గాలి విపరీతం, పెద్దవాళ్ళకి స్వెటర్లు మరవద్దు. చలికాలం వద్దు, ఏ మే నెలలోనో పెట్టుకుందాం, పులిహోర ఎవరు తెస్తారో కమిటీ ఇప్పుడే తేల్చాలి.