మాస్టర్ హెల్త్ చెకప్ ప్యాకేజీ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ప్యాకేజీ గారికి కర్నూలు నుంచి రాయునది.

రాజ్‌విహార్ ఫ్లెక్సీల నుంచి గాయత్రీ ఎస్టేట్స్ కరెంటు స్తంభాల దాకా తమరే వేలాడుతున్నారు. పండగొస్తే సగం ధర, జంటగా వస్తే ఇంకాస్త తగ్గింపు. మా మేనమామ మొన్న పరగడుపున వచ్చి, ట్యూబులకొద్దీ రక్తమిచ్చి, బయట ఉగ్గాని బజ్జీ లాగించి, సాయంత్రానికి పెళ్ళి ఆల్బమంత రిపోర్టు తెచ్చుకున్నాడు. డెబ్బై చిల్లర పరీక్షలట! తీరా చూస్తే, ఒక్క రక్తకణాల పరీక్షనే ఇరవై వరుసలు చేసి ఇరవైగా లెక్కేశారు. తమరి గణితానికి దండం.

చివరి పేజీలో సీఈఏ, అంటే క్యాన్సర్ ఆనవాలుగా రక్తంలో కొలిచే ఒక ప్రొటీన్. నార్మల్. "క్యాన్సర్ గూడా లేదంట రా, పేపర్లోనే ఉండాది చూడు" అని టీ కొట్టు దగ్గర మామ అందరికీ చూపించాడు. కౌంటర్లో అలాగే చెప్పారట.

1965 నుంచీ లోకానికి తెలిసిన ఈ సీఈఏ, పేగు క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక జబ్బు తిరగబెడుతోందా అని చూడ్డానికి పనికొస్తుంది. అసలు జబ్బు పాలిప్‌గా ఉన్నప్పుడు మాత్రం నోరు విప్పదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకు మొరిగే రకం. పైగా బీడీలు తాగేవాళ్ళలో ఏ క్యాన్సరూ లేకున్నా పెరుగుతుంది.

పాలిప్ అంటే పెద్దపేగు లోపలి పొర మీద లేచే చిన్న కండ. చాలావాటితో ఏ గొడవా ఉండదు. అడినోమా రకంలో కొన్ని మాత్రం క్యాన్సర్‌గా మారతాయి, అదీ మామూలుగా పదేళ్ళో ఇంకా ఎక్కువో తీసుకుని. ఏ శత్రువైనా అంత గడువిస్తాడా? ఆ గడువులో కొన్ని పాలిప్‌లు కంటికి ఆననంత రక్తం కారుస్తాయి, కణాలు రాలుస్తాయి. ఆ ఆనవాళ్ళన్నీ చేరేది తమరు ముక్కు మూసుకునే చోటికే.

అక్కడ వెతికే పరీక్ష ఒకటుంది, పేరు ఫిట్. వేలెడంత సీసా, మూతకే ఒక గరుకు పుల్ల. మలం పైపైన ఆ పుల్లతో గీకి, సీసాలో గుచ్చి, మూత బిగిస్తే అయిపోయింది. సూది లేదు, పరగడుపు లేదు. అది మనిషి హిమోగ్లోబిన్‌నే పట్టుకుంటుంది కాబట్టి ముందురోజు రాత్రి సంగటిలోకి పొట్టేలు కూర తిన్నా ఇబ్బంది లేదు. పాత పరీక్షకైతే మాంసం మానాల్సి వచ్చేది. మా ఊళ్ళో అది జరిగే పనేనా?

ఫిట్ సర్వజ్ఞురాలని నేననను. అమెరికా, కెనడాల్లో దాదాపు 10 వేలమంది మీద చేసి 2014లో ప్రచురించిన అధ్యయనంలో అది వంద క్యాన్సర్లలో 74 పట్టింది. క్యాన్సర్‌కి ముందటి ముదురు పాలిప్‌లనైతే వందకు 24 మాత్రమే. మలంలో డీఎన్ఏ మార్పులు కూడా చూసే పరీక్ష 42 దాకా వెళ్ళింది. మరి 2024లో అమెరికాలో అనుమతి తెచ్చుకున్న సరికొత్త రక్తపరీక్ష? అలాంటి ముదురు పాలిప్‌లలో వందకు 13. తమరి ప్రాణమైన రక్తం ఇక్కడ వెనక బెంచీలో కూర్చుంది ప్యాకేజీ గారూ. దేంట్లో తేడా వచ్చినా కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూడ్డం, తప్పదు. పాలిప్ కనపడితే చాలావరకు అక్కడికక్కడే తీసేస్తారు కూడా. ఇక రక్తం కంటికే కనపడితే సీసాతో పనిలేదు, నేరుగా డాక్టర్ దగ్గరికే. మావాళ్ళేమో మొలలని తేల్చేసి మజ్జిగ తాగుతారు, అది వేరే లేఖ.

కాబట్టి తమరికో విన్నపం. వచ్చే ఉగాది ఆఫర్‌లో సీఈఏ తీసేసి, 45 దాటినవాళ్ళకు ఆ సీసా పెట్టించండి. మెడికల్ షాపుల్లో కొన్నిటిని చుట్టిచ్చే నల్ల కవర్‌లోనే ఇవ్వండి, మామ తెచ్చే పూచీ నాది. కౌంటర్లో పేరు పిలిచేటప్పుడు మాత్రం, దేనికి వచ్చాడో మైకులో చెప్పొద్దు.

ఇట్లు,
మామ ప్యాకేజీకి డబ్బు కట్టిన మేనల్లుడు