సవరణ: సీయూఈటీ తెలుగులో ఉందంటే క్లాసులు తెలుగులో అని కాదు

సెంట్రల్ యూనివర్సిటీల ఉమ్మడి ప్రవేశ పరీక్ష సీయూఈటీ తెలుగులో కూడా రాయొచ్చు, ఒడిశాలోని రాయగడ, గుణుపూర్ పిల్లలు సెంట్రల్ యూనివర్సిటీలకు ధైర్యంగా అప్లై చేయండి అని మొన్న పెట్టిన పోస్టు చూసి, సునాబెడాలో ఉన్న ఒడిశా సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు కూడా తెలుగులోనే చెబుతారా అని చాలామంది అడుగుతున్నారు. చెప్పరు.

డిగ్రీ సీట్ల సీయూఈటీ 2022 నుంచి 13 భాషల్లో జరుగుతోంది, అందులో తెలుగు, ఒడియా రెండూ ఉన్నాయి. ప్రశ్నపత్రం ఏ భాషలో కావాలో అప్లికేషన్‌లోనే ఎంచుకోవాలి. నెట్ సెంటర్‌లో తొందరపడి ఇంగ్లీషు పెట్టేస్తే పరీక్ష రోజు టెన్షన్ పడి లాభం లేదు, కాబట్టి పక్కనే కూర్చుని ఆ గడి చూసుకోండి. తెలుగును ఒక భాషా సబ్జెక్టుగా రాయడం వేరు, మిగతా పేపర్లు తెలుగులో రాయడం వేరు. పీజీ సీయూఈటీ అయితే ఎక్కువగా ఇంగ్లీషు, హిందీల్లోనే.

ఇక చేరాక సంగతి. ఇంగ్లీషు మీడియం కోర్సయినా పరీక్షలు స్థానిక భాషలో రాయనివ్వమని 2023 ఏప్రిల్‌లో యూనివర్సిటీలను పర్యవేక్షించే యూజీసీ వాటిని కోరింది. కోరడమే, తప్పనిసరి చేయలేదు. పైగా ఒడిశాలో స్థానిక భాష అనగానే ముందు ఒడియానే గుర్తొస్తుంది, నాకు బాధ కలిగించేది ఇదే. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఈ కోరాపుట్, గంజాం వైపు ఒకే బెంచీ మీద తెలుగు, ఒడియా పిల్లలు, కువి, సవర లాంటి గిరిజన భాషల పిల్లలు కూర్చుంటారు. గిరిజన పిల్లలకు చిన్న తరగతుల్లో సొంత భాషలో చదువు చెప్పించే రాష్ట్రం, యూనివర్సిటీలో కూడా ఆ దారి తెరవాలని గట్టిగా అడగాల్సిందే.

ఈలోగా, ఫీజు కట్టే ముందే పరీక్ష ఏ భాషలో రాయనిస్తారో డిపార్ట్‌మెంట్‌ను అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి.