ఫ్యామిలీ హిస్టరీ: ఏమీ లేదు

ఇక్కడ అమెరికాలో కొత్త డాక్టరు దగ్గరికి వెళితే ముందు ఒక ఫారం ఇస్తారు. ఇప్పుడైతే ఫోన్‌కే పంపిస్తున్నారు. అడ్రసు, ఇన్సూరెన్సు, అలర్జీలు అయ్యాక ఫ్యామిలీ హిస్టరీ అని ఒక పేజీ వస్తుంది. గుండెజబ్బు, షుగర్, పక్షవాతం, క్యాన్సర్, కిడ్నీ, అన్నిటికీ ఎదురుగా గడులు. మనవాళ్ళలో చాలామంది అక్కడ ఆగరు. అన్నిటికీ కలిపి ‘ఏమీ లేదు’ అని ఒక్క టిక్కు పెట్టేసి తర్వాతి పేజీకి వెళ్ళిపోతారు. నాన్నకి ఇరవై ఏళ్ళుగా షుగర్. బాబాయికి స్టెంట్లు. అమ్మమ్మ పక్షవాతంతో మంచాన పడి పోయింది. అయినా ఏమీ లేదు. అడిగితే, “ఆ వయసులో అందరికీ ఉండేదే కదండీ” అంటారు.

వీకెండ్ పార్టీల్లో తినే బిర్యానీని అందరూ తిడతారు. ఈ టిక్కుని ఎవరూ తిట్టరు. నన్నడిగితే ఇది చేసే చేటు బిర్యానీకేం తీసిపోదు.

ఎలాగంటే, డాక్టరు మన రిపోర్టుని ఒక లెక్కలో వేసి చూస్తారు. వయసు, బీపీ, కొలెస్టరాల్, షుగర్, సిగరెట్టు లాంటివి ఇస్తే, రాబోయే పదేళ్ళలో గుండెపోటుకి అవకాశం ఎంత శాతమో అది చెబుతుంది. అమెరికాలో 2013 నుంచి వాడుతూ వచ్చిన లెక్కని తెల్లవాళ్ళ, నల్లవాళ్ళ సమాచారం మీద కట్టారు. 2023లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ తెచ్చిన ‘ప్రివెంట్’ లెక్కలో జాతి ప్రస్తావనే తీసేశారు. ఈ రెండింటిలోనూ ‘మీ నాన్నకి ఎప్పుడొచ్చింది’ అనే ప్రశ్న లేదు. బ్రిటన్‌లో వాడే ‘క్యూరిస్క్’లో ఇండియన్ అని విడిగా ఒక గడి ఉంది, ఇంట్లోవాళ్ళ గుండెజబ్బు గురించి కూడా అడుగుతుంది. ఇక్కడ మాత్రం ఆ సంగతి డాక్టరుకి తెలియాలంటే మనం ఫారంలో రాయాలి, లేదా నోరు తెరిచి చెప్పాలి.

చెబితే దానికి విలువ ఉంటుంది కూడా. ఇక్కడి గుండె వైద్య సంఘాలు 2018లో ఇచ్చిన కొలెస్టరాల్ మార్గదర్శకాల్లో, ఆ లెక్కకి అందని ప్రమాదాల జాబితా ఒకటుంది. తండ్రికో అన్నదమ్ములకో 55 ఏళ్ళలోపు, తల్లికో అక్కచెల్లెళ్ళకో 65 ఏళ్ళలోపు గుండెజబ్బు వచ్చి ఉండటం అందులో ఒకటి. దక్షిణాసియా సంతతి కావడం ఇంకొకటి. రెండోది మనందరికీ పుట్టుకతోనే ఉంది. మొదటిది ఉందో లేదో ఇంట్లో అడిగితేగానీ తెలియదు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో మొదటి గుండెపోటు సగటు వయసు దక్షిణాసియా దేశాల్లో 53, మిగతా చోట్ల దాదాపు 59. దీనికి కారణం మన రక్తంలో ఉన్న ఏదో అంతుపట్టని దోషం కాదని కూడా అదే అధ్యయనం తేల్చింది. సిగరెట్టు, బీపీ, షుగర్, కొలెస్టరాల్ తేడాలు, పొట్ట, ఈ పాత కారణాలే మనల్ని చిన్న వయసులో పట్టుకుంటున్నాయి.

ఇంకో మాట. నలభై ఏళ్ళ మనిషికి పదేళ్ళ లెక్క దాదాపు ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది, ఎందుకంటే అందులో అన్నిటికంటే ఎక్కువ బరువు వయసుదే. రెండు శాతం అని వస్తే స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టేవాళ్ళున్నారు. ప్రివెంట్‌లో 30 నుంచి 59 ఏళ్ళవాళ్ళకి ముప్పై ఏళ్ళ అంచనా కూడా వస్తుంది. అదీ చూపించమని అడగండి. ఇంటి లోను, పిల్లల చదువులు, పెళ్ళిళ్ళు అన్నీ ఆ ముప్పై ఏళ్ళలోనే ఉన్నాయి.

మరి ఇంట్లో సంగతులు మనకెందుకు తెలియవు? దాచుతున్నామని కూడా ఎవరూ అనుకోరు, అక్కడే ఉంది చిక్కు. పిల్లలు దూరాన ఉన్నారు, టెన్షన్ పడతారని అమ్మానాన్నలు చెప్పరు. యాంజియోగ్రామ్ అయి, డిశ్చార్జ్ అయి, ఇంటికొచ్చాక “మొన్న కాస్త నలతగా ఉంటే చూపించుకొచ్చాం” అంటారు. పెద్దవాళ్ళు కంగారు పడతారని మనమూ చెప్పం. మధ్యలో పెళ్ళి సంబంధాల గొడవ ఒకటి. ఇంట్లో ముగ్గురికి షుగరని బయటపడితే పిల్లకి సంబంధం చెడుతుందని నోరు కట్టేసుకున్న ఇళ్ళు నాకు తెలుసు. పిల్లకి పెళ్ళయి, పురుళ్ళయి, ఆ పిల్లకే నలభై దాటినా ఆ నోళ్ళు విప్పరు. ఇక మేనరికాలున్న ఇళ్ళలో అమ్మవైపు, నాన్నవైపు అనేవి రెండు వేరు వేరు చెట్లే కావు. ఆ సంగతి ఇక్కడి డాక్టరుకి తట్టదు, మనమే చెప్పాలి.

అడగడానికి కూడా ఒక పద్ధతి కావాలి. “మనింట్లో గుండెజబ్బులున్నాయా?” అంటే “అబ్బే” అనే అంటారు. మనిషి మనిషినీ పట్టుకుని అడగాలి. మా పెద్దమ్మని ఫోన్లో అలాగే అడిగాను.

“పెదనాన్న ఎలా పోయారు పెద్దమ్మా?”

“గ్యాస్ పట్టేసిందిరా. పొద్దున్నే వెన్నులో నొప్పన్నారు, వాము నమలమన్నాను. చెమటలు కారిపోతుంటే ఫ్యాన్ కింద కూర్చోబెట్టాం. ఆర్ఎంపీ డాక్టరు వచ్చేలోపే అయిపోయింది.”

“అప్పటికి ఆయనకెన్నేళ్ళు?”

“ఎవరు రాసిపెట్టార్రా! కృష్ణా పుష్కరాలకి ముందు సంవత్సరం. 2004వి కాదు, అంతకుముందువి. మీ అక్క ఇంటర్ పరీక్షలు రాస్తోంది.”

ఆ పుష్కరాలు 1992లో. పెదనాన్న స్కూలు సర్టిఫికెట్లో పుట్టిన సంవత్సరం 1943. అంటే నలభై ఎనిమిదికి అటూ ఇటూ. వెన్నునొప్పి, చెమటలు, గంటలో ప్రాణం పోవడం: డాక్టరుకి చెబితే గ్యాస్ అని రాసుకోరు కదా. నాకు ఆయన పెదనాన్న, కాబట్టి మార్గదర్శకం లెక్కలో నేను ఒక మెట్టు దూరం. కానీ డాలస్‌లో ఉన్న మా అక్కకి ఆయన కన్నతండ్రి. ఇన్నేళ్ళూ ఆమె ఫారంలో గుండెజబ్బు గడి ఖాళీగానే ఉంది, ఎందుకంటే ఆమెకి తెలిసినంతవరకు నాన్న పోయింది గ్యాస్‌తో.

నోటితో చెప్పని పెద్దవాళ్ళ విషయంలో మందుల డబ్బా నిజం చెబుతుంది. అమ్మానాన్నలు ఆరు నెలలకి వచ్చినప్పుడు జిప్‌లాక్ కవర్లో తెచ్చుకునే స్ట్రిప్పులు ఒకసారి తిరగేయండి. “బీపీకేరా, ఇంకేం లేదు” అంటారు నాన్న. టెల్మిసార్టాన్ ఉంటే నిజమే, బీపీకే. మెట్‌ఫార్మిన్ ఉంటే షుగర్. కొలెస్టరాల్ తగ్గించే ఎటోర్వాస్టాటిన్, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఎకోస్ప్రిన్, వాటి పక్కనే అలాంటిదే అయిన క్లోపిడోగ్రెల్ కనిపిస్తే మాత్రం కూర్చుని అడగాలి. క్లోపిడోగ్రెల్ ఊరికే రాయరు. సాధారణంగా స్టెంట్ వేశాకో, గుండెపోటో పక్షవాతమో వచ్చాకో ఇస్తారు. ఏ సంవత్సరం మొదలుపెట్టారని అడిగితే అసలు కథ బయటికొస్తుంది.

ఇక మన సొంత రిపోర్టు సంగతి. ‘నార్మల్’ అని వచ్చింది ఎవరి కొలతలో అన్నది చూడాలి. ఎత్తుకి తగ్గ బరువు చూసే బీఎంఐ 25 దాటితే బరువెక్కువ అని ఇక్కడి మామూలు లెక్క. ఆసియా సంతతివాళ్ళకి 23 నుంచే షుగర్ పరీక్ష గురించి ఆలోచించమని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ 2015లోనే చెప్పింది. 5 అడుగుల 7 అంగుళాల మనిషికి 25 అంటే దాదాపు 160 పౌండ్లు, 23 అంటే 147. ఆ మధ్యలో ఉన్నవాళ్ళంతా “నేను సన్నగానే ఉన్నాను కదా” అనుకునే మనవాళ్ళే. నడుము ఇక్కడ మగవాళ్ళకి 40 అంగుళాలు దాటితే హెచ్చరిస్తారు. దక్షిణాసియా మగవాళ్ళకి అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య పెట్టిన హద్దు 90 సెంటీమీటర్లు, అంటే 35 అంగుళాల చిల్లర. ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు. ప్యాంటు సైజు చూసుకుని సంతోషించవద్దు, ప్యాంటు మనం పొట్ట కింద కడతాం. టేపు బొడ్డు దగ్గర పెట్టాలి.

రక్తంలో కొలెస్టరాల్ మోసే లైపోప్రొటీన్ ‘ఎ’ అనే పదార్థానికి చేసే పరీక్ష మామూలు కొలెస్టరాల్ రిపోర్టులో రాదు. అది ఎంత ఉండాలో దాదాపుగా మన జన్యువులే నిర్ణయిస్తాయి, నడకకీ చిరుధాన్యాలకీ పెద్దగా లొంగదు. ప్రపంచంలో దాదాపు ఐదుగురిలో ఒకరికి ఎక్కువ ఉంటుంది. చాలామందికి జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. ఎక్కువని తెలిస్తే చెడు కొలెస్టరాల్ అయిన ఎల్‌డీఎల్‌నీ బీపీనీ ఇంకాస్త గట్టిగా పట్టుకోవాలి, అన్నదమ్ములకీ పిల్లలకీ కూడా చెప్పాలి. ఏటా హైదరాబాద్ వెళ్ళినప్పుడు డెబ్భై, ఎనభై పరీక్షల ఫుల్ బాడీ ప్యాకేజీ చేయించుకుని, అందులో విటమిన్ డి ఒక్కటి తగ్గిందని బెంగపడే మనం, అవసరమైన ఈ ఒక్కటి అడగం. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర వేసుకోవాలా వద్దా అన్న ఊగిసలాటలో ఉన్నవాళ్ళకి గుండె నాళాల్లో కాల్షియం చూసే స్కాన్ ఉంది, అది డాక్టరుతో మాట్లాడి చేయించుకునేది. సున్నా వస్తే మంచిదే, కానీ చిన్న వయసులో మెత్తటి కొవ్వు పేరుకుని కాల్షియం ఇంకా చేరకపోయి ఉండవచ్చు.

ఆడవాళ్ళ ఫారం ఇంకా ఖాళీగా ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి, “డెలివరీతో తగ్గిపోయింది” అని అక్కడితో మర్చిపోయినవాళ్ళు ఎంతమందో! అది తగ్గిపోవడం నిజమే. తర్వాత జీవితంలో షుగర్ వచ్చే అవకాశం చాలా రెట్లు పెరగడమూ నిజమే. అందుకే వాళ్ళు ఒకటి నుంచి మూడేళ్ళకోసారి జీవితాంతం పరీక్ష చేయించుకోవాలంటారు. కడుపుతో ఉన్నప్పుడు బీపీ విపరీతంగా పెరగడం, నలభైకి ముందే ముట్లు ఆగిపోవడం కూడా ఆ 2018 జాబితాలో ఉన్నాయి. భర్త శనివారం బ్యాడ్మింటన్‌కి వెళితే పిల్లల్ని కూచిపూడి క్లాసుకి దింపి పార్కింగ్‌లో కారులో కూర్చునే భార్య గురించి మన తెలుగు సంఘాల హెల్త్ సెమినార్లలో ఒక్క స్లైడు కూడా ఉండదు. ఆ సెమినార్లయినా మెయిన్ హాల్లో సినిమావాళ్ళు ఉన్న సమయంలోనే ఎక్కడో మూల గదిలో పెడతారు.

తెలిసినంత మాత్రాన ఏం చేస్తాం అనే వాదన ఒకటుంది. చేయగలం. ‘బార్డర్‌లో ఉంది’ అన్నవాళ్ళ మీద అమెరికాలో జరిగి 2002లో ఫలితాలు వచ్చిన పెద్ద అధ్యయనంలో, బరువు 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక లక్ష్యంగా పెట్టుకున్నవాళ్ళలో షుగర్ వచ్చేవాళ్ళు 58 శాతం తగ్గారు. మెట్‌ఫార్మిన్ వేసుకున్నవాళ్ళలో 31 శాతం. చెన్నైలో మనవాళ్ళ మీదే చేసి 2006లో ప్రకటించిన దాంట్లో ఆహారం, నడకతో తగ్గింది 28.5 శాతం. అమెరికా అంకె అంత లేదు, నిజమే. మనకి పళ్ళెంలో అన్నం సగం చేయడంతో పాటు ఒక్కోసారి మాత్ర కూడా కావాల్సి వస్తుంది. “మొదలుపెడితే జీవితాంతం వేసుకోవాలట” అని స్టాటిన్‌కి భయపడేవాళ్ళు, పెరిగిన ఎల్‌డీఎల్ కూడా జీవితాంతం నాళాల్లో పని చేస్తూనే ఉంటుందని ఆలోచించరు.

ఫారంలో రాస్తే ఇన్సూరెన్సు పెరుగుతుందనే భయం మాత్రం అర్థం చేసుకోదగిందే, కానీ చాలావరకు అనవసరం. 2008 నాటి ‘జీనా’ చట్టం ప్రకారం హెల్త్ ఇన్సూరెన్సు కంపెనీలు కుటుంబ వైద్య చరిత్రని మన మీద వాడకూడదు, ఉద్యోగమిచ్చేవాళ్ళూ వాడకూడదు. లైఫ్, డిసెబిలిటీ, లాంగ్ టర్మ్ కేర్ పాలసీలకి మాత్రం ఆ చట్టం వర్తించదు. కాబట్టి టర్మ్ పాలసీ తీసుకోవాలనుకునేవాళ్ళు దాన్ని వాయిదా వేయకుండా తీసుకోండి, అడిగినదానికి నిజమే రాయండి. డాక్టరుకి చెప్పడం మాత్రం ఆపవద్దు.

ఇక్కడ పుట్టిన పిల్లల సంగతి ఇంకా దగ్గరది. 9 నుంచి 11 ఏళ్ళ మధ్య ఒకసారి, 17 నుంచి 21 మధ్య ఇంకోసారి పిల్లలందరికీ కొలెస్టరాల్ చూడాలని ఇక్కడి పిల్లల వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. అప్పుడు పీడియాట్రీషియన్ అడిగేది వాళ్ళ తాతయ్యలు, నాయనమ్మలు, అమ్మమ్మల గురించి. పద్దెనిమిది నిండి వేరే రాష్ట్రంలో కాలేజీకి వెళ్ళాక ఆ ఫారం వాళ్ళే నింపుకోవాలి. ఈ వేసవిలో ఇండియా నుంచి పెద్దవాళ్ళు వస్తున్న ఇళ్ళలో ఒక కాగితం తీసుకుని ఎవరికి ఏమిటి, ఏ వయసులో, ఇంకా ఉన్నారా, లేకపోతే దేనితో పోయారు అన్నది రాసి, ఫోటో తీసి, పిల్లల ఫోన్లకి పంపండి. మన సంఘం ఏటా అచ్చువేసే తెలుగు క్యాలెండర్ చివరి పేజీలో ఈసారి స్పాన్సర్ ప్రకటన బదులు అలాంటి ఖాళీ పట్టిక ఒకటి వేయాలని కార్యవర్గానికి నా కోరిక. తిథులు చూసుకోవడానికి ఎలాగూ గోడకి తగిలిస్తాం.