నది దాటిన జ్వరానికి మ్యాప్‌లో చోటేదీ?

జిల్లాల వారీగా రంగులు వేసిన మలేరియా మ్యాప్ ఏదైనా తెరిచి చూడండి. గడ్చిరోలి ముదురు రంగులో కనిపిస్తుంది, మహారాష్ట్రలో మలేరియా అనగానే ముందు వచ్చేది ఆ జిల్లా పేరే. ప్రాణహిత, గోదావరి గీత దాటగానే రంగు మారిపోతుంది, అక్కడి నుంచి తెలంగాణ. గడ్చిరోలి జిల్లాలోని సిరొంచకు, తెలంగాణ వైపు కాళేశ్వరానికి మధ్య ఉన్నది ఒక్క వంతెన. సంతకు, పెళ్లికి, కూలికి, డాక్టర్ దగ్గరికి జనం దాని మీద తిరుగుతూనే ఉంటారు, వాళ్ల ఒంట్లో ఉన్న మలేరియా కూడా వాళ్లతోనే తిరుగుతుంది. మ్యాప్‌లో మాత్రం అది ఒడ్డు దగ్గర ఆగిపోయినట్టు ఉంటుంది. సరిహద్దు ఊళ్ల వరకు ఇలాంటి మ్యాప్ తప్పుదారి పట్టిస్తుంది. రాష్ట్రాల గీతలు పక్కన పెట్టి దాన్ని మళ్లీ గీయాలి.

ఆన్‌లైన్ మ్యాప్‌ల కథ చాలామందికి తెలిసిందే. 2006లో హెల్త్‌మ్యాప్ వచ్చి, వెబ్‌లో వచ్చే వార్తలు ఏరి జబ్బులను ప్రపంచపటం మీద పెట్టడం మొదలుపెట్టింది. 2008లో గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ జనం వెతికే మాటలను బట్టి ఫ్లూ లెక్క కడతానంది, 2012-13 చలికాలంలో అసలు కంటే దాదాపు రెట్టింపు చూపించింది, 2015లో మూతపడింది. కొవిడ్ రోజుల్లో జాన్స్ హాప్కిన్స్ డ్యాష్‌బోర్డ్‌ను టెన్షన్‌తో రోజుకు పదిసార్లు చూశాం. మనకు 2004 నుంచి ఐడీఎస్పీ, అంటే జబ్బుల మీద నిఘా పెట్టే కేంద్ర కార్యక్రమం ఉంది, ఇప్పుడది ఐహెచ్ఐపీ అనే ఆరోగ్య సమాచార పోర్టల్‌లోకి వెళ్లింది, కింది స్థాయి ఆరోగ్య కార్యకర్త నింపిన వివరం ఊరి పేరుతో సహా పైకి చేరే ఏర్పాటు అందులో ఉంది. కాబట్టి టెక్నాలజీ లేదనే మాట ఇక చెల్లదు.

జబ్బు మ్యాప్ అనగానే అందరూ జాన్ స్నో పేరు చెబుతారు. 1854లో లండన్ బ్రాడ్ స్ట్రీట్ చుట్టూ కలరా చావులను గుర్తులుగా వేశాడు, బోరింగ్ పిడి తీయించాడు, అక్కడితో కథ ఆపేస్తారు. నాకు అందులో ఎక్కువ నచ్చేవి ఇంకో రెండు సంగతులు. బ్రాడ్ స్ట్రీట్‌కు చాలా దూరాన, హ్యాంప్‌స్టెడ్‌లో ఒక వితంతువు కలరాతో చనిపోయింది. చుక్కలు మాత్రమే చూసేవాడైతే ఆమెకు, ఆ బోరింగ్‌కు సంబంధం లేదనేవాడు. స్నో వెళ్లి ఇంట్లోవాళ్లను అడిగాడు. ఆమెకు ఆ నీళ్ల రుచి ఇష్టమట, రోజూ బండి మీద తెప్పించుకునేదట. రెండోది, తర్వాత వేసిన మ్యాప్‌లో ఆయన ఒక గీత గీశాడు. ఆ గీత లోపలి ఇళ్లవాళ్లకు నడిచి వెళ్లడానికి అన్నిటికంటే దగ్గర బ్రాడ్ స్ట్రీట్ బోరింగే. జనం కాళ్లు ఎటు వెళ్తాయో దాన్ని బట్టి హద్దు గీశాడన్నమాట. నూట డెబ్బై ఏళ్ల తర్వాత, చేతిలో శాటిలైట్ ఉండి కూడా, మనం జిల్లా హద్దుల దగ్గరే ఆగిపోతున్నాం.

ఇక మన దగ్గరికి వద్దాం. సంక్రాంతి దాటాక గడ్చిరోలి అడవి పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు ములుగు, భూపాలపల్లి వైపు మిర్చి ఏరడానికి వస్తాయి. అలా వచ్చిన ఒక ఆడమనిషికి చేను దగ్గర చలిజ్వరం వచ్చిందనుకోండి. ఆశా కార్యకర్త వేలి నుంచి చుక్క రక్తం తీసి చూస్తే వైవాక్స్ మలేరియా. ఊరు ఏదంటే ఇప్పుడు గుడిసె వేసుకున్న చోటే చెబుతుంది, కేసు తెలంగాణ ఖాతాలో పడుతుంది. కానీ వైవాక్స్ కాలేయంలో నెలల తరబడి దాక్కుని మళ్లీ లేచే రకం, ఆమెను దోమ కుట్టింది పోయిన వానాకాలంలో సొంత పల్లెలో కావచ్చు. మ్యాప్‌లో చుక్క ఒక చోట, దోమ ఇంకో చోట. మందు పిచికారీ చుక్క ఉన్న చోటికి వెళ్తుంది. అంతకంటే నన్ను బాధపెట్టేది మాత్రల సంగతి. వైవాక్స్ మళ్లీ రాకుండా ప్రిమాక్విన్ 14 రోజులు వేసుకోవాలి, ఎవరో ఒకరు ఎదురుగా ఉండి వేయించాలి. ఐదో రోజు ఏరుడు అయిపోయి ఆ కుటుంబం ట్రాలీ ఎక్కి నది దాటిందంటే, మిగతా తొమ్మిది రోజుల మాత్రలు వేయించాలని అవతలి ఒడ్డున ఎవరికి తెలుస్తుంది? పోర్టల్ ఒకటే, దేశమంతటికీ ఒకటే, అయినా అవతలి ఆశాకు ఫోన్‌లో ఒక కబురు వెళ్లే ఏర్పాటు లేకపోతే అది ఉండి ఏం లాభం?

ఇంకో సంగతి, రంగు పడని ఊరిలో జబ్బు లేదని కాదు, అక్కడ పరీక్ష జరగలేదని కావచ్చు. మొదటి జ్వరాన్ని చూసేది చాలాచోట్ల ఆర్ఎంపీ. సూది వేస్తాడు, సెలైన్ ఎక్కిస్తాడు, ఆ జ్వరం ఏ పోర్టల్‌కూ ఎక్కదు. ఒడిశావాళ్లు దమన్ అనే మలేరియా పథకంలో చేసిన పని చూడండి. మల్కన్‌గిరి లాంటి జిల్లాల్లో దారి లేని పల్లెలకు వెళ్లి క్యాంపులు పెట్టి, జ్వరం ఉన్నా లేకున్నా ఊరందరికీ పరీక్ష చేశారు, పైకి ఏ లక్షణమూ లేకుండా మలేరియా మోస్తున్నవాళ్లకు కూడా మందిచ్చారు. 2017తో పోలిస్తే 2018లో ఆ రాష్ట్రంలో కేసులు దాదాపు 80 శాతం తగ్గాయి. మ్యాప్‌కు ప్రాణం పోసేది అలా ఇంటింటికీ తిరిగిన కాళ్లే.

ఊరి స్థాయి మ్యాప్ జనం ముందు పెడితే ఆ ఊరిని వెలివేస్తారని, కొవిడ్‌లో రెడ్ జోన్ పేరుతో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోమని కొందరంటారు. ఇప్పటికే రిజిస్టర్లు, యాప్‌లతో నలిగిపోతున్న ఏఎన్ఎంల నెత్తిన ఇంకో పని పెట్టొద్దంటారు. రెండూ నిజమే. అందుకే మనుషుల పేర్లు వద్దు, ఇళ్లు వద్దు, పల్లె పేరు చాలు. కొత్త యాప్ కూడా వద్దు, ఉన్న యాప్‌లో నది అవతలి పల్లెల పేర్లు కలిపితే చాలు. భయపడతారని దాచిపెడితే భయం తగ్గదు, వాట్సాప్‌లో పుకారుగా తిరుగుతుంది.

అసలు ఇది జబ్బు ఒక్కదాని గొడవ కాదు. సరిహద్దు తెలుగువాళ్లు ఎవరి లెక్కలోనూ పూర్తిగా పడరని నేను ఎప్పటి నుంచో అంటున్నాను. 1860ల్లో అప్పర్ గోదావరి జిల్లాకు సిరొంచే కేంద్రం, అంటే ఒకప్పుడు నదినే ఆనుకుని ఒక జిల్లాను ఊహించగలిగారు. ఇప్పుడు అదే సిరొంచ గడ్చిరోలికి ఒక చివర. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, పెద్ద జబ్బు చేస్తే మంచిర్యాలకో వరంగల్‌కో పరుగు. ఐడీఎస్పీ వారం వారం పెట్టే జబ్బుల జాబితా ఇంగ్లిష్ పీడీఎఫ్. హెచ్చరిక పోస్టర్ వస్తే మరాఠీలో వస్తుంది, తెలుగు తప్ప చదవలేని ముసలివాళ్లకు, మాడియా అనే గిరిజన భాష మాట్లాడే పల్లెలకు అది అందదు. ఇక్కడి మనిషి ఓటు ఒక రాష్ట్రానిది, వైద్యం ఇంకో రాష్ట్రానిది, అతని జ్వరం మాత్రం ఎవరిదీ కాదు.

రెండు రాష్ట్రాలు కూర్చుని మాట్లాడుకోలేవా అంటే, నీళ్ల కోసం మాట్లాడుకున్నాయి. 2016 ఆగస్టులో ముంబైలో, గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజీ దగ్గర నీటిమట్టం 100 మీటర్లని ఒప్పందం రాసుకుని సంతకాలు చేశాయి. నదిని మీటర్లలో, టీఎంసీల్లో కొలిచే ఇంజనీర్లు రెండు వైపులా ఉన్నారు. అదే నది మీద వంతెన దాటే జ్వరాలను లెక్కించడానికి కాళేశ్వరం ఉన్న మహదేవ్‌పూర్ మండలం నుంచి ఒకరు, సిరొంచ నుంచి ఒకరు వారానికి ఒకసారి ఫోన్‌లో మాట్లాడుకుంటే పని మొదలవుతుంది.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. అదీ వానాకాలంలో, దోమలు ముసిరే రోజుల్లో, రెండు ఒడ్లకూ లక్షల మంది వస్తారు. పార్కింగ్ మ్యాప్‌లు, ఘాట్ల మ్యాప్‌లు ఎలాగూ తయారవుతాయి. వాటితో పాటు రెండు ఒడ్ల పల్లెలూ ఒకే తెర మీద కనిపించే జ్వరాల మ్యాప్ కూడా అప్పటికి తెలుగులో, మరాఠీలో సిద్ధంగా ఉండాలి, అందుకు పని ఈ మిర్చి సీజన్ నుంచే మొదలుకావాలి.