హర్లింగ్‌పై సవతి ప్రేమ

కర్రతో బంతిని కొట్టి ఆడే హర్లింగ్ తమ జాతికే గర్వకారణమని వేదికలెక్కి చెప్పే ఐర్లాండ్ క్రీడా పెద్దలకు, చేత్తోనూ కాలితోనూ ఆడే దేశవాళీ బంతాట గేలిక్ ఫుట్‌బాల్ రాజ్యమేలే కౌంటీలలో (జిల్లాలలో) ఆ ఆట పడుతున్న పాట్లు మాత్రం కంటికి ఆనవు. 2018లో యునెస్కో వారసత్వ జాబితాలో దానికి చోటు దక్కిందని సంబరపడిన ఆ వ్యవస్థలోనే, కావన్, ఫర్మానా, లీట్రిమ్, లాంగ్‌ఫర్డ్, లౌత్ జట్లను జాతీయ హర్లింగ్ లీగ్ నుంచి తప్పించాలన్న ప్రతిపాదన 2023లో పుట్టింది. ఆటగాళ్లు గగ్గోలు పెట్టబట్టి అది ఆగింది. కారణం, అక్కడ హర్లింగ్ క్లబ్బులు తక్కువట! వాటిని పెంచవలసిన వారే ఆ మాట అనడం విడ్డూరం కాదా?

యాష్ చెట్టు కర్ర చేతబట్టి, దూసుకొచ్చే చిన్న తోలుబంతిని పరుగు ఆపకుండా గాలిలోనే కొట్టడం చిన్ననాడే మొదలుపెడితే తప్ప ఒంటబట్టని విద్య. ఆ వయసు పిల్లల చేతికి ఫుట్‌బాల్ ఒక్కటే ఇచ్చి, మైదానాల సాయంత్రాలన్నీ దానికే రాసిస్తే, కొత్త క్లబ్బులు ఆకాశం నుంచి ఊడిపడతాయా? ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లనిపించుకునే కెర్రీయే 1891లో అఖిల ఐర్లాండ్ హర్లింగ్ విజేత అన్న సంగతి ఎందరికి గుర్తుంది? ఆ కౌంటీ ఉత్తరాన బల్లిడఫ్, లిక్స్‌నా, కాజ్‌వే ఊళ్లు ఇప్పటికీ ఈ ఆటనే అంటిపెట్టుకుని ఉన్నాయి. హర్లింగ్‌కు కోటలాంటి కిల్కెన్నీ కౌంటీలో ఫుట్‌బాల్‌దీ ఇదే గతి అంటే కాదనను, కానీ ఒకచోటి నిర్లక్ష్యం మరోచోటి నిర్లక్ష్యానికి జవాబు ఎలా అవుతుంది?